జాన్ ప్రైన్ పాటలను ఎలా వినాలి?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి ఈమధ్య జాన్ ప్రైన్ అనే గాయకుడి పాటలు పంపించి, తప్పకుండా వినమన్నాడు. ఘంటసాల పాటలు వింటూ పెరిగినవాణ్ని. ఈయన బాణీలన్నీ నాకు ఒకేలా ఉన్నాయి, గొంతు బొంగురుగా ఉంది. ఇంగ్లీషు అర్థమవుతోంది గానీ, అన్నీ మామూలు మాటలే అనిపిస్తున్నాయి. వీటిలో గొప్పతనం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, కొత్తగూడెం

జవాబు: బాణీల విషయంలో మీరన్నది నిజమే. ప్రైన్ పాటలు చాలావరకు గిటార్ మీద మూడు నాలుగు కార్డులతోనే (కలిపి మోగించే స్వరాల గుత్తులతోనే) నడిచిపోతాయి. మాటకు అడ్డు రాకుండా ఉండటమే అక్కడ బాణీ పని. అందువల్ల, ఘంటసాల పాటలో రాగం ఎటు మలుపు తిరుగుతుందోనని ఎదురుచూసినట్టు వీటిని వింటే నిరాశే మిగులుతుంది. అరుగు మీద కూర్చుని ఎవరో తన సంగతులు చెప్పుకుంటుంటే, తర్వాత ఏమంటాడోనని చెవి ఒగ్గినట్టు వినాలి.

1946లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మేవుడ్‌లో పుట్టిన ప్రైన్, కొన్నేళ్లు అక్కడే పోస్ట్‌మన్‌గా పనిచేస్తూ, ఉత్తరాలు పంచే దారిలోనే పాటలు అల్లుకున్నారు. 1970లో సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒక షికాగో పత్రికలో ఈ పాడే పోస్ట్‌మన్ గురించి రాశారు; మరుసటి ఏడాదే తొలి ఆల్బమ్ వచ్చింది.

ఆ ఆల్బమ్‌లోని ‘హలో ఇన్ దేర్’తో మొదలుపెట్టండి. పిల్లలు తలో దిక్కుకూ వెళ్లిపోగా, ఒక కొడుకు కొరియా యుద్ధంలో పోగా, మిగిలిన వృద్ధ దంపతుల పాట అది. భార్య లొరెట్టా పెరటి తలుపు జాలీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది, మాటలు పెద్దగా ఉండవు. ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన రూడీకి ఫోను చేద్దామని ఒకనాడు భర్తకు అనిపిస్తుంది; తీరా, కొత్త విశేషాలేమిటని అతడు అడిగితే చెప్పడానికేముంది? ఒంటరితనం మీద ఎన్ని విశేషణాలు పేర్చినా ఆ ఫోను సంగతికి సాటి రావని నా అభిప్రాయం. ప్రైన్ కుర్రతనంలో ఒక వృద్ధాశ్రమంలో పేపర్లు వేసేవారట. కొందరు పెద్దవాళ్లు పక్కవాళ్ల ముందు ఆయనను తమను చూడటానికి వచ్చిన బంధువుగా చూపించుకునేవారట.

అదే ఆల్బమ్‌లోని ‘ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గోమరీ’లో పాతికేళ్ల ఈ యువకుడు తనను తాను ముసలామెగా పరిచయం చేసుకుని పాట ఎత్తుకుంటారు, మనం ఆ మాట నమ్మేస్తాం. గాయని బానీ రెయిట్ 1974లో పాడాక ఆ పాట ఇంకా ఎక్కువ మందికి చేరింది. ‘శామ్ స్టోన్’ యుద్ధం నుంచి మత్తుమందు అలవాటుతో తిరిగొచ్చిన సైనికుడి కథ. ఇంట్లో డబ్బు ఎటు పోతున్నదో అందులో పిల్లవాడి మాటగా వినబడుతుంది కాబట్టి, దాన్ని తీరిక ఉన్నప్పుడే వినండి.

మీది బొగ్గు గనుల ఊరు గనుక ‘ప్యారడైజ్’ మీకు వేరే చెప్పనక్కరలేదు. ప్రైన్ తల్లిదండ్రులు కెంటకీ రాష్ట్రంలోని మ్యూలెన్‌బర్గ్ కౌంటీవారు; ప్యారడైజ్ అక్కడి ఒక ఊరి పేరు. తనను అక్కడి గ్రీన్ రివర్ ఒడ్డుకు తీసుకెళ్లమని కొడుకు అడుగుతాడు, ఆలస్యమైపోయింది నాయనా, ఆ ఊరిని బొగ్గు రైలు ఎత్తుకుపోయింది అంటాడు తండ్రి. చరిత్రలో ఆ ఊరిని కొని, 1960ల చివరలో ఖాళీ చేయించింది పక్కనే విద్యుత్ కేంద్రం నడిపిన ప్రభుత్వ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీ అయినా, చుట్టుపక్కల నేలను పెళ్లగించింది మాత్రం ఓపెన్‌కాస్ట్ గనులే. ప్రైన్ ఈ పాటను తండ్రి కోసం రాశారు.

ఇక గొంతు. మీ అబ్బాయి ఏ కాలపు రికార్డింగులు పంపాడో ఒకసారి చూడండి. 1998లో మెడకు క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్, రేడియేషన్ జరిగాక ఆయన గొంతు బాగా కిందికి దిగి గరగరలాడింది. 1971 నాటిది కాస్త ముక్కుతో పలికే కుర్రగొంతు. 2000లో వచ్చిన ‘సువనీర్స్’ ఆల్బమ్‌లో తన పాత పాటలనే ఆయన ఆ మారిన గొంతుతో మళ్లీ పాడారు. ‘హలో ఇన్ దేర్’ కూడా అందులో ఉంది. ముందు 1971 నాటిది విని, వెంటనే దాన్ని వినండి. మీకు బొంగురుగా తోచిన ఆ గొంతులో లొరెట్టా భర్తే పాడుతున్నట్టుంటుంది.