కౌంటీ జైల్లో ఉన్న అబ్బాయికి హైదరాబాద్ నుంచి డబ్బు పంపాలంటే

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. పది రోజుల కిందట అరెస్టు చేసి కౌంటీ జైల్లో పెట్టారు. సబ్బు కొనుక్కోవాలన్నా ఖాతాలో డబ్బుండాలట. మా డెబిట్ కార్డుతో రెండుసార్లు కట్టబోతే అవలేదు. వాడి నుంచి ఫోనూ లేదు. ఎలా పంపాలి, ఎంత పంపాలి?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముందు అబ్బాయి బుకింగ్ నంబరు, అంటే జైల్లో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు, సంపాదించండి. అది చేతిలో లేకుండా ఒక్క డాలరు కూడా కట్టొద్దు. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. కౌంటీ జైళ్లు సాధారణంగా అక్కడి షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు అధికారి, ఆఫీసు కింద నడుస్తాయి. ఆ ఆఫీసు వెబ్‌సైట్లో ఖైదీల పేర్లు వెతికే పేజీ ఉంటుంది. మనవాళ్ల పేర్లతో చిక్కు అక్కడే వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు కలిపి ఒకే గడిలో ఉంటే, అమెరికా వీసా మీద ఆ మొత్తం లాస్ట్ నేమ్‌గా ఎక్కి, మొదటి పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. జైలు రికార్డులోనూ అలాగే ఉండొచ్చు. ఇంటిపేరుతో దొరక్కపోతే అసలు పేరును లాస్ట్ నేమ్ గడిలో పెట్టి చూడండి. పుట్టిన తేదీలో నెల ముందు, రోజు తర్వాత. దొరికాక అక్కడున్న స్పెల్లింగునే, తప్పుగా ఉన్నా సరే, అక్షరం మార్చకుండా రాసుకోండి. డబ్బు కట్టేటప్పుడు అదే పేరు, అదే నంబరు ఇవ్వాలి.

ఒక్కో కౌంటీ ఒక్కో కంపెనీతో డబ్బు తీసుకుంటుంది. జేపే, యాక్సెస్ కరెక్షన్స్, టచ్‌పే, కనెక్ట్‌నెట్‌వర్క్ అలాంటివే. పక్క కౌంటీలో పనిచేసింది మీ అబ్బాయి ఉన్నచోట పనికిరాకపోవచ్చు. అందుకని గూగుల్లో పైన కనిపించే ప్రకటనలు కాకుండా, షెరీఫ్ పేజీలో ఇచ్చిన లింకే నొక్కండి.

మీ కార్డు ఆగడానికి మొదట చూడాల్సింది విదేశీ లావాదేవీల సెట్టింగు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 నుంచి కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఇస్తారు. మిగతాది బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి. అది చేసినా ఆ సైట్లు చాలావరకు అమెరికా చిరునామా, జిప్ కోడ్, అక్కడి ఫోన్ నంబరు అడుగుతాయి. మన పిన్‌కోడ్ ఆరంకెలు, వాళ్ల గడి అయిదంకెలు. అక్కడితో సరి.

అందుకే నా సలహా, అక్కడున్న నమ్మకమైన బంధువునో, రూమ్మేటునో కట్టమనండి. జైలు లాబీలో కియోస్క్ (డబ్బు కట్టే యంత్రం) ఉంటే నగదుగానూ వేయొచ్చు. కవర్లో నోట్లు పెట్టి పోస్టులో మాత్రం పంపనివ్వొద్దు. డబ్బు కట్టే ఆ బంధువుకో, రూమ్మేటుకో మీరు బ్యాంకు ద్వారా పంపండి: పాన్, ఫారం ఏ-2 (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) చాలు. ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటితేగానీ టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడదు. బ్యాంకు ప్రతిసారీ ఛార్జీలు వేస్తుంది కాబట్టి రెండు నెలలకు సరిపడా ఒకేసారి పంపండి, అతను కొంచెం కొంచెంగా వేస్తాడు.

మొదటిసారి 50 డాలర్లు చాలు. కట్టిన ప్రతిసారీ కంపెనీ ఫీజు ఉంటుంది, కాబట్టి మరీ పదేసి డాలర్లు వేయడం దండగ. చాలా జైళ్లలో డాక్టరు ఫీజులాంటి బాకీలుంటే వేసినదాంట్లోంచి ముందు అవే కోసుకుంటారు. 50 వేస్తే 30 కనిపించిందని కంగారుపడకండి. కమిసరీ, అంటే జైలు కొట్టు, ఆర్డర్లు చాలాచోట్ల వారానికి ఒకసారే. గడువు దాటాక పడిన డబ్బు పై వారానికే. శాకాహారి అయితే నూడుల్స్ ప్యాకెట్ల మీద చికెన్, బీఫ్ అని ఏముందో చదివి కొనమనండి. భోజనం మార్చమని జైల్లోనే రాతపూర్వకంగా అడగొచ్చు.

ఫోన్ సంగతి వేరు. చాలా జైళ్లలో కమిసరీ ఖాతా, ఫోన్ ఖాతా విడివిడిగా ఉంటాయి. ఒకదాంట్లో వేసింది రెండోదానికి మారకపోవచ్చు. పైగా జైలు ఫోన్లలో ఇండియాకు కాల్ కలవకపోవడం మామూలే. డబ్బు కట్టే ఆ బంధువు లేదా రూమ్మేటు అమెరికా నంబరు మీద ప్రీపెయిడ్ ఖాతా తెరిపించండి. కాల్స్ రికార్డవుతాయి. తెలుగు వాళ్లకేం అర్థమవుతుందిలే అనుకుని కేసు ముచ్చట ఎత్తొద్దు, అది లాయరుతోనే.

బెయిలు డబ్బును కమిసరీలో వేయకండి, అది బెయిలుగా లెక్కకు రాదు. బెయిలు కట్టేముందు ఇమిగ్రేషన్ డిటైనర్ (వదిలేముందు తమకు అప్పగించమని ఇమిగ్రేషన్ శాఖ జైలుకు ఇచ్చే నోటీసు) ఉందేమో లాయరును అడగండి. ఉంటే, బెయిలు కట్టినా బయటికి రాకుండా ఇమిగ్రేషన్ కస్టడీకి వెళ్లే ప్రమాదం ఉంది. భారత కాన్సులేటుకు తెలియజేయమని అడిగే హక్కు కాన్సులర్ సంబంధాల వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణ ప్రకారం అబ్బాయికి ఉంది. టెక్సాస్‌కు హ్యూస్టన్ కాన్సులేట్.

ప్రశ్న: జైలు ఆఫీసరునని ఒకరు ఫోన్ చేసి, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెబితే మా తమ్ముణ్ని వదిలేస్తామన్నారు. నిజమేనా?
– ఒక అక్క, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మోసం, అమ్మా. ఏ జైలూ గిఫ్ట్ కార్డులు తీసుకోదు. ఎవరు అరెస్టయ్యారో షెరీఫ్ ఆఫీసు వెబ్‌సైట్లో అందరికీ కనిపిస్తుంది కాబట్టి పేరు, బుకింగ్ నంబరు సరిగ్గా చెప్పినంత మాత్రాన నమ్మకండి. ఫోన్ పెట్టేసి, షెరీఫ్ పేజీలోని నంబరుకు మీరే చేయండి. డబ్బు వెళ్లిపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: విడుదలయ్యాక మిగిలిన డబ్బు ఏమవుతుంది?
– సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలాచోట్ల చెక్కుగానో, ప్రీపెయిడ్ కార్డుగానో ఇస్తారు. కార్డయితే రుసుములు తినేయకముందే తీసేసుకోవాలి. వేరే జైలుకు మారిస్తే పాత ఖాతాలో వేయడం ఆ రోజే ఆపండి. కొత్తచోట నంబరు మారుతుంది, కంపెనీ కూడా మారొచ్చు. దేశం నుంచి పంపించేసేలా ఉంటే ఖాతాలో ఎక్కువ ఉంచకండి. అమెరికా చెక్కును ఇక్కడ మార్చుకోవడం చాలా కష్టం.