కప్ప గుండె బాగవుతుంది, మరి మనది?

ప్రశ్న: మేడం, ఆరు నెలల క్రితం మా నాన్నగారికి గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు. గుండె గోడలో ఒకచోట మచ్చ పడిందని, అక్కడ కండరం కదలడం లేదని ఎకోలో తేలింది. కప్పలకైతే దెబ్బతిన్న గుండె మళ్లీ పెరుగుతుందని మా అమ్మాయి అంటోంది. నిజమేనా? మనకెందుకు పెరగదు?

జవాబు: నిజమే, కానీ ఏ కప్ప, ఏ వయసులో అన్నది చూడాలి.

నేను ల్యాబ్‌లో జెనోపస్ అనే రకం కప్పల టాడ్‌పోల్‌లను (తోకకప్పలను) పెంచేదాన్ని. వాటి చర్మం గాజులా ఉంటుంది. మైక్రోస్కోప్ కింద పెడితే చాలు, కోయకుండానే గుండె కనిపిస్తుంది. రక్తం దిగగానే జఠరిక (గుండెలో రక్తాన్ని బయటకు నెట్టే గది) ఎర్రబడుతుంది, ముడుచుకోగానే పాలిపోతుంది. మొదటిసారి చూసినరోజు అన్నం సంగతే మర్చిపోయాను.

ఆ వయసులో జఠరిక కొస కత్తిరించినా మళ్లీ కండరమే పెరుగుతుంది. అదే జెనోపస్ లేవిస్ అనే జాతిలో ఎదిగిన కప్పకు చేస్తే మచ్చ మిగిలిపోతుందని 2017లో తేలింది. ఈ మధ్యలో జరిగేది రూపవిక్రియ, అంటే టాడ్‌పోల్ కప్పగా మారడం. అప్పుడు ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ బాగా పెరుగుతుంది. టాడ్‌పోల్‌గా ఉండగానే ఆ హార్మోన్ ఇస్తే గుండె బాగుపడే శక్తి దెబ్బతింటుందని 2019లో చూపించారు. (ఇది చదివి ఎవరూ థైరాయిడ్ మాత్రలు మానకండి. మానేస్తేనే గుండెకు ప్రమాదం.) లేవిస్‌కు దగ్గరి చుట్టమైన జెనోపస్ ట్రాపికాలిస్ మాత్రం పెద్దయ్యాక కూడా నెలరోజుల్లో దాదాపు మచ్చ లేకుండా కోలుకుంటుందని 2017లోనే మరో బృందం రాసింది. ఇంత దగ్గరి జాతుల మధ్య ఈ తేడా ఎందుకన్నదే నన్ను ఇప్పటికీ పట్టి లాగే ప్రశ్న.

ఒకరోజు వయసున్న ఎలుక పిల్లకూ ఈ శక్తి ఉంటుంది, వారానికల్లా పోతుంది. మన గుండెలోనూ కొత్త కండర కణాలు పుడతాయి. కాకపోతే 2009 నాటి లెక్క ప్రకారం 25 ఏళ్ల వయసులో ఏడాదికి 1 శాతం, 75 ఏళ్లకు 0.45 శాతం. గుండెపోటులో ఒక్కసారిగా పోయిన కండరానికి ఇది ఏ మూలకూ చాలదు.

అందుకే శరీరం మచ్చతో అతుకు వేస్తుంది. ఆ మచ్చ గురించి టెన్షన్ పడవద్దని నాన్నగారికి చెప్పండి. అది పడకపోతే చచ్చిన కండరం మెత్తబడి గోడ చిరిగిపోయే ప్రమాదం ఉంటుంది. మచ్చ ముడుచుకోదు కాబట్టి మిగతా కండరం మీద భారం పడుతుంది. డాక్టర్ రాసిన మాత్రల్లో కొన్ని ఆ భారం తగ్గించడానికే. ఆరు నెలలైంది కదా, బాగానే ఉన్నాను కదా అని ఆయన మాత్రలు ఆపేస్తానంటే ఒప్పుకోకండి. మళ్లీ ఎకో ఎప్పుడు తీయించాలో, ఎంత నడవవచ్చో ఈసారి వెళ్లినప్పుడు కార్డియాలజిస్టును అడగండి.