డాలీ ఎం అంటే ఎవరు?

ప్రశ్న: మా అబ్బాయి సిడ్నీలో చదువుతున్నాడు. అక్కడ ఏటా రగ్బీ లీగ్‌లో మేటి ఆటగాడికి డాలీ ఎం మెడల్ ఇస్తారట. ఈ డాలీ ఎం ఎవరు సార్? డబ్బు కోసం సొంత ఆటనే వదిలేశాడని ఎక్కడో చదివాను, నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రగ్బీ యూనియన్ అనే పాత తరహా ఆటని వదిలేసి, కొత్తగా వచ్చిన రగ్బీ లీగ్‌లోకి వెళ్లిన మాట నిజమే, కానీ డబ్బు మనిషి అని ముద్ర వేస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఆయన అసలు పేరు హెర్బర్ట్ హెన్రీ మెసెంజర్, 1883లో సిడ్నీలో పుట్టాడు, తండ్రి పడవలు తయారుచేసేవాడు. చిన్నప్పుడు బొజ్జ ఉండేదట, అప్పట్లో డాలీ అనే ఓ రాజకీయ నాయకుడికీ పెద్ద పొట్టే కావడంతో ఆ పేరే పిల్లాడికి తగిలించేశారు. మెసెంజర్‌లోని మొదటి అక్షరమే ఆ 'ఎం'.

1907 నాటికి సిడ్నీలో రగ్బీ చూడటానికి జనం విరగబడి వచ్చేవారు, టికెట్ల డబ్బంతా ఆటని నడిపే సంఘమైన రగ్బీ యూనియన్‌కే, ఆడేవాడికి మాత్రం 'అమెచ్యూర్' (డబ్బు తీసుకోకుండా ఆడేవాడు) అన్న గౌరవం ఒక్కటే మిగిలేది. అలెక్ బర్డన్ అనే ఆటగాడు క్షురకుడు, పనికెళ్తేనే పూట గడిచేది. జట్టు తరఫున ఆడుతూ దెబ్బ తగిలి కత్తెర పట్టలేని స్థితిలో పడ్డా యూనియన్ పైసా ఇవ్వలేదు. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలోనూ ఇదే గొడవ, ఆట కోసం పోగొట్టుకున్న కూలికి పరిహారం అడిగితే కాదన్నారని అక్కడి క్లబ్బులు 1895లోనే విడిపోయి, తర్వాత 15 మంది ఆటని 13 మందికి మార్చేశాయి, అదే రగ్బీ లీగ్.

సిడ్నీలో కొత్త లీగ్ పెట్టినవాళ్లలో మన క్రికెట్ పిచ్చోళ్లకి తెలిసిన విక్టర్ ట్రంపర్ ఉన్నాడు! 1902లో మాంచెస్టర్ టెస్టు మొదటి రోజు లంచ్ లోపే సెంచరీ కొట్టిన ఆ ట్రంపరే. మంతనాలన్నీ ఆయన స్పోర్ట్స్ షాపులోనే. మెసెంజర్ వస్తేనే జనం వస్తారని వాళ్లకి తెలుసు, అందుకే నిర్వాహకులు ఇంటికెళ్లి వాళ్లమ్మను కూడా ఒప్పించారని చెబుతారు. లెక్క తప్పలేదు. 1907 ఆగస్టు 17న న్యూజిలాండ్ ప్రొఫెషనల్ జట్టుతో మొదటి మ్యాచ్‌కి సుమారు 20,000 మంది వచ్చారు. మెసెంజర్ ఆడిన న్యూ సౌత్ వేల్స్ (సిడ్నీ ఉన్న రాష్ట్రం) జట్టు 12-8తో ఓడిపోయిందనుకోండి, అది వేరే సంగతి. వచ్చిన న్యూజిలాండ్ వాళ్లు మెసెంజర్ ఆట చూసి, తమవాడు కాకపోయినా బ్రిటన్ టూర్‌కి వెంట తీసుకుపోయారు, టూర్ మొత్తంలో అందరికంటే ఎక్కువగా 146 పాయింట్లు కొట్టింది ఆయనే.

ఆ తర్వాత సిడ్నీ క్లబ్బు ఈస్టర్న్ సబర్బ్స్ కెప్టెన్‌గా 1911, 12, 13 వరసగా మూడు టైటిళ్లు. ఒక్క 1911లోనే అన్ని మ్యాచ్‌లూ కలిపి 270 పాయింట్లు! ట్రై (బంతిని ప్రత్యర్థి గోల్ గీత అవతల నేలకు ఆనించడం) చేస్తే మూడు, గోల్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపడం) కొడితే రెండే వచ్చే రోజుల్లో, టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర నుంచి, సగం మైదానం దూరం నుంచి కొట్టిన గోల్స్‌తో కూడబెట్టిన స్కోరు ఇది. అదే ఊపులో ఉండగా 1911–12 ఇంగ్లండ్ టూర్‌కి మాత్రం వెళ్లనన్నాడు. డబ్బు పిచ్చోడైతే ఆ టూర్ వదులుకుంటాడా చెప్పండి!

1913తో ఆట ఆపేశాక హోటల్ వ్యాపారం చూశాడు, కలిసిరాలేదు, తర్వాత వడ్రంగి పని చేసుకున్నాడు. యూనియన్ మాత్రం ఆయన పేరుని తన రికార్డుల్లోంచి కొట్టేసింది. 1959లో ఆయన పోయాక కూడా చాలా ఏళ్లకి గానీ మళ్లీ రాసుకోలేదు. మెడల్ సంగతంటారా, 1980 నుంచి ఇస్తున్నారు.