చలికాలం రెండు నెలలు తిరుపతిలో: లాడ్జీ వద్దు, బాడుగ ఇల్లు చూడండి

మీరడిగింది ఇదీ: ఘజియాబాద్‌లో మీతో ఉంటున్న అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి, నాన్నగారికి ఉబ్బసం, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. చలి తగ్గేదాకా వాళ్లను తిరుపతిలో ఉంచాలంటే ఎప్పుడు పంపాలి, ఎక్కడ ఉంచాలి, నెలకు 30 వేలు సరిపోతాయా అని. సరిపోతాయి. మా అక్కా బావా ఢిల్లీలోనే ఉంటారు. బావకు కూడా మీ నాన్నగారిలాగే ఊపిరి బాధ. కొన్నేళ్లుగా చలికాలానికి ఇక్కడికే వస్తున్నారు. మేముండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, అందుకని వాళ్లకు విడిగా ఇల్లు చూసిపెట్టేది నేనే. ఆ అనుభవంతో రాస్తున్నాను.

తిరుపతి అనగానే ఎవరి ఆలోచనైనా లాడ్జీల మీదికో, దేవస్థానం గదుల మీదికో పోతుంది. ఆ రెండూ మీకు పనికిరావు. విష్ణు నివాసం, శ్రీనివాసం, మాధవం లాంటివి దర్శనానికి వచ్చిపోయేవాళ్ల కోసం ఉన్నవి, నెలల తరబడి ఉండనివ్వరు. లాడ్జీలో ఒక రోజు బాడుగ చూస్తే తక్కువే అనిపిస్తుంది, దాన్ని ముప్పైతో హెచ్చవేసి చూడండి. పైగా అక్కడ వంట కుదరదు. డెబ్బై దాటినవాళ్లు పూటపూటా హోటలు తిండి తింటే వారం తిరక్కముందే కడుపు చెడుతుంది. నెల బాడుగకు ఇల్లు తీసుకుని సొంతంగా వండుకుంటేనే డబ్బూ మిగులుతుంది, ఆరోగ్యమూ నిలుస్తుంది.

అంతకన్నా ముందు, ఎప్పుడు రావాలన్నది తేల్చుకోండి. మీ వైపు దీపావళి నుంచే గాలి పాడవుతుంది కాబట్టి నవంబరు మొదట్లోనే పంపేయాలని ఉంటుంది. కానీ మాకు పెద్ద వానలు అప్పుడే. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు సగం దాకా ఉంటాయి. 2021 నవంబరులో కుండపోతకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. ఘాట్ రోడ్లు మూసేశారు. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని దిగువ ఊళ్లవాళ్లు ప్రాణాలు అరచేత పెట్టుకుని ఉన్నారు. 2023లో డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. చెమ్మ పట్టిన గోడలు, బూజు వాసన ఉబ్బసం ఉన్న మనిషికి ఢిల్లీ పొగమంచు కన్నా మేలేమీ కాదు. అందుకని డిసెంబరు 15 దాటాక దిగేట్టు, ఫిబ్రవరి ఆఖరుకు తిరుగు రైలెక్కేట్టు చూసుకోండి. ఆ రోజుల్లో ఇక్కడ రాత్రిళ్లు 18, 20 డిగ్రీలు, పగలు 28 నుంచి 30 దాకా, ఫిబ్రవరిలో ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. మార్చి వచ్చిందంటే ఎండ ముదురుతుంది. నవంబరులోనే ఢిల్లీ వదలక తప్పదని డాక్టరు అంటే, హైదరాబాదులో బంధువులెవరైనా ఉంటే ఆ నెల అక్కడ గడిపి తర్వాత ఇక్కడికి రావడం మంచిది. అక్కడ ఈశాన్య రుతుపవనాల బాధ తక్కువ.

ఇంకో సంగతి. మా పాత చిత్తూరు జిల్లా అంతా ఒకే వాతావరణం కాదు. మదనపల్లె గాలి మంచిదని పెద్దవాళ్లు చెప్తారు, అది నిజమే. క్షయ రోగుల కోసం 1915లో ఆరోగ్యవరంలో ఆస్పత్రి పెట్టిందీ అక్కడే. కానీ మదనపల్లె, పలమనేరు, కుప్పం ఎత్తైన చోట్లు. జనవరి రాత్రుల్లో అక్కడ స్వెటరు, రగ్గు కావాల్సిందే. 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ కొండల సంగతి చెప్పక్కర్లేదు. తిరుమల మీద కూడా ధనుర్మాసంలో మంచు, చలిగాలి. చలి నుంచి తప్పించుకోవడానికి వచ్చేవాళ్లకు కొండ కింద తిరుపతే సరైన చోటు. చిత్తూరు టౌను ప్రశాంతంగా ఉంటుంది, బాడుగలు కూడా తక్కువ, వేలూరు సీఎంసీ ఆస్పత్రి దగ్గర. మీ నాన్నగారు ఇప్పటికే వేలూరులో చూపించుకుంటూ ఉంటే చిత్తూరే తీసుకోండి. లేదంటే తిరుపతి.

ఇక ఇల్లు. బస్టాండు, రైల్వే స్టేషను, లీలామహల్, అలిపిరి రోడ్డు చుట్టుపక్కల వద్దు. యాత్రికుల బండ్లు, హారన్లు, దుమ్ము రాత్రీపగలూ ఆగవు. బాలాజీ కాలనీ, కేటీ రోడ్డు వైపు దొరికితే అదృష్టమే. యూనివర్సిటీలు దగ్గర, చెట్లుంటాయి, కాకపోతే బాడుగ కాస్త జాస్తి. పద్మావతీపురం, ఎస్వీ నగర్, ఎమ్మార్‌పల్లె, తుమ్మలగుంట, అవిలాల వైపు మీ బడ్జెట్‌లో వస్తాయి. ఎమ్మార్‌పల్లె, లక్ష్మీపురం సర్కిల్ వైపు వానకు నీళ్లు నిలిచే వీధులు కొన్ని ఉన్నాయి, 2021లో ఇక్కడికి నీళ్లొచ్చాయా అని పక్కింటివాళ్లను అడగండి. ఓనరును అడిగితే రాలేదనే చెప్తారు.

అసలు చిక్కు రెండు నెలలకు ఇల్లివ్వడానికి ఎవరూ ఒప్పుకోకపోవడం. అందరూ పదకొండు నెలల అగ్రిమెంటు అంటారు. మొదటిసారి ఒక ఓనరమ్మ ముఖం మీదే చెప్పేసింది: "రెండు నెల్లకిచ్చి మళ్లా సున్నం కొట్టించుకోవాల. ఎవురు పడతారు నాయనా ఆ బాధ?" ఆమె మాటలో న్యాయం ఉంది. ఆ సున్నం ఖర్చు మేమే ఇస్తాం, రెండున్నర నెలల బాడుగ ముందే చేతిలో పెడతాం, కరెంటు బిల్లు విడిగా కడతాం అన్నాను. ఒప్పుకుంది. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా మొదటి మాటగా అదే చెప్తున్నాను. ఒక్క షరతు మాత్రం పెట్టండి: రంగులు వేయించేది మీ వాళ్లు ఖాళీ చేశాక, వచ్చేముందు కాదు. కొత్త రంగు వాసన ఉబ్బసానికి పడదు. అమెరికాకో బెంగళూరుకో పిల్లల దగ్గరికి కొన్ని నెలలు వెళ్లే పెద్దవాళ్ల ఇళ్లు కూడా ఇలా దొరుకుతాయి. ఆన్‌లైన్ ప్రకటనల్లో అవి కనపడవు, ఆ వీధిలో పాలు పోసే మనిషికో, ఇస్త్రీ బండి ఆయనకో చెప్పి పెడితే వాళ్లే కబురు చెప్తారు.

ఇల్లు చూసేటప్పుడు నేను ముందు గదుల సైజు చూడను. గోడ అడుగున, నేల నుంచి మూరెడెత్తులో అరచెయ్యి ఆనిస్తాను. చల్లగా, జిగటగా తగిలితే ఎంత తక్కువకిచ్చినా వద్దనేస్తాను. వానాకాలం అయిపోయిన కొత్తల్లో ఆ చెమ్మ కంటికి కనపడదు, చేతికే తెలుస్తుంది. తర్వాత బీరువా తలుపు తీసి లోపలి వాసన చూస్తాను. గ్రౌండ్ ఫ్లోరే ఉండాలి, పొద్దుటి ఎండ లోపలికి రావాలి, వెస్ట్రన్ టాయిలెట్ ఉండాలి, కిటికీలకు దోమల మెష్ ఉండాలి. వానలు వెనకబట్టాక ఇక్కడ దోమలు బాగా ఉంటాయి, కాయిల్ పొగ మీ నాన్నగారికి కుదరదు కాబట్టి మెష్ లేకపోతే దోమతెరైనా కట్టించండి. బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి, తాగడానికి 20 లీటర్ల క్యాన్లు వేయించుకోవాలి.

మా వాళ్ల లెక్క చెప్తాను, మీది కొంచెం అటూఇటూ అవుతుంది. సింగిల్ బెడ్‌రూమ్ ఇంటికి బాడుగ 10 వేలు. సరుకులు, కూరగాయలు, పాలు కలిపి 8 వేలు. అంట్లు తోమి ఇల్లు ఊడ్చే మనిషికి రెండున్నర వేలు. కరెంటు, నీళ్లు, గ్యాసుకు పదిహేను వందలు. ఆటోలు, చిల్లర ఖర్చులకు రెండు వేలు. మొత్తం 24 వేలు. మిగతాది మందులకు, డాక్టరు ఫీజుకు ఉంచుకోండి. గ్యాసుకు కొత్త కనెక్షన్ అక్కర్లేదు, 5 కేజీల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే చిరునామా రుజువు లేకుండానే ఇస్తారు, ఇద్దరి వంటకు చాలు. మంచాలు, కుర్చీలు సెకండ్ హ్యాండ్ అంగట్లో కొని, పోయేటప్పుడు మళ్లీ వాళ్లకే ఇచ్చేయొచ్చు. మంచం ఎత్తు చూసి కొనండి. మరీ కిందికి ఉంటే మీ అమ్మగారు లేచేటప్పుడు మోకాళ్లు ఏడిపిస్తాయి.

రైలు విషయం. నిజాముద్దీన్ నుంచి ఏపీ సంపర్క్ క్రాంతి నేరుగా తిరుపతికి వస్తుంది, రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, కాబట్టి అక్టోబరు మధ్యలో ఆ తేదీ పొద్దున ఎనిమిదికే కూర్చోండి. సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, ఆ లెక్క పెట్టుకోవద్దు, లోయర్ బెర్తు కోటా మాత్రం ఉంది. నాన్నగారు పింఛనుదారైతే నవంబరులోనే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేసి బయల్దేరాలి. ముఖం చూపించి ఫోన్లోనే చేసే యాప్ ఉంది, బ్యాంకు చుట్టూ తిరగక్కర్లేదు.

వైద్యం విషయంలో తిరుపతి మీద నాకు పూర్తి ధైర్యం ఉంది. స్విమ్స్, రుయా, ఎముకలు కీళ్లకు బర్డ్, మూడూ అలిపిరి రోడ్డు వైపే ఉన్నాయి. ఆయాసం వచ్చాక పరుగెత్తడం కాదు, దిగిన మొదటి వారంలోనే పాత రిపోర్టులన్నీ పట్టుకుని ఊపిరితిత్తుల ఓపీలో ఒకసారి చూపించి పెట్టండి. అప్పుడు రాత్రిపూట ఏదైనా అయినా చేతిలో ఇక్కడి కేసు షీటు ఉంటుంది. డెబ్బై దాటినవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. అక్కడే తీయించుకుని, ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో కనుక్కుని రండి. వాడుతున్న ఇన్‌హేలరు ఇక్కడ ఉన్నన్నాళ్లకూ సరిపడా తెచ్చుకోవాలి. ఫ్లూ టీకా ప్రయాణానికి ముందే వేయిస్తే మంచిది.

ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇక్కడ కష్టమైన పొద్దు ఒకటుంది, భోగి. జనవరి 13నో 14నో తెల్లారకముందే ప్రతి వీధిలో మంటలేస్తారు, కట్టెలతో ఆగక పాత టైర్లు కూడా వేస్తారు. ముందు రోజు సాయంత్రమే కిటికీలు బిగించి, తలుపు కింద తడి గుడ్డ పెట్టి, పొద్దెక్కేదాకా నాన్నగారిని బయటికి రానివ్వకండి. మేమైతే మా వీధి పిల్లలకు ముందే చెప్పుకున్నాం. బావను చూసి వాళ్లు టైర్లు పక్కన పడేశారు, మంట కూడా వీధి చివరికి మార్చుకున్నారు. అడిగితే వింటారండీ, మొహమాటపడకండి.

దర్శనం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తిరుపతిలో ఉండి కొండకు పోకుండా పెద్దవాళ్లు ఉండలేరు. జనవరి 1, వైకుంఠ ద్వారం తెరిచి ఉంచే పది రోజులు, రథసప్తమి, ఈ రోజుల్లో మాత్రం దయచేసి వద్దు. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో టోకెన్ల కోసం నిలబడ్డవాళ్లలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి ఈ ఊరు నిద్రపోలేదు. 65 దాటినవాళ్లకు విడిగా దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో నెలల ముందే ఇస్తారు. మీరు ఘజియాబాద్‌లో కూర్చునే ఫిబ్రవరికి ఒక తేదీ తీసిపెట్టండి. మిగిలిన రోజుల్లో కింద గోవిందరాజస్వామి గుడి, కోదండరామాలయం, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం చాలు.

పెద్దవాళ్లు మధ్యలోనే ఇంటికి పోదామని గొడవ చేసేది ఆరోగ్యం బాగాలేక కాదు, తోచక. అందుకే ఇల్లు చూసేటప్పుడే నడిచిపోయే దూరంలో ఒక గుడో, పార్కో ఉందా అని చూడండి. ధనుర్మాసంలో ఊళ్లో తిరుప్పావై ప్రవచనాలు జరుగుతాయి. సాయంత్రాలు అన్నమాచార్య కళామందిరంలో ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. మా అక్కకు మాత్రం ఇవేవీ కాదు, అనపకాయలు కావాలి. ఈ కాలంలో మార్కెట్లో రాశులు పోసి అమ్ముతారు. గింజలు ఒలిచి రాత్రి నానబెడుతుంది. పొద్దున ఎండలో గడప మీద కూర్చుని, ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒత్తుతుంది. తొక్క వేళ్లలో మిగిలి, పప్పు టప్పున ఎగిరి గిన్నెలో పడుతుంది. పక్కింటి ఆడవాళ్లు కూడా తలా ఒక చెయ్యి వేస్తారు. గంటకు పైగా పడుతుంది ఆ పని. మధ్యాహ్నానికి పితికిపప్పు పులుసు, రాగి సంగటి. మీ అమ్మగారిని ఆ గుంపులో కూర్చోబెట్టారంటే ఫోన్లో మీరు రోజూ ఎలా ఉన్నావని అడగాల్సిన పని ఉండదు. కనుమ నాడు చంద్రగిరి పక్క రంగంపేటలో పశువుల పండగ చేస్తారు గానీ అక్కడ ఎద్దుల తోపులాట, జనం ఎక్కువ, ఆ ముసలివాళ్లను తీసుకెళ్లొద్దు.

వీలైతే అక్టోబరులో ఒక శని, ఆదివారం మీరొక్కరే వచ్చి ఇల్లు ఖాయం చేసుకుని పోండి. వాన పడుతున్నప్పుడు చూసిన ఇల్లయితే ఇంకా నమ్మకం. రాలేకపోతే దొరికిన ఇల్లు ఏ వీధో, బాడుగ ఎంతో రాయండి, నేను వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూసి చెప్తాను.