6203 అడిగితే 6204 చూపించిన సెర్చ్

ప్రశ్న: మా ఆఫీసు యాప్‌లో కొన్ని వేల ఐటమ్‌లున్నాయి. స్పెల్లింగ్ తప్పు కొట్టినా దొరికేలా సెర్చ్ పెట్టాలి, పక్కన ఫిల్టర్లు కూడా ఉండాలి. చిన్న ఫజ్జీ సెర్చ్ లైబ్రరీ సరిపోతుందా?

సరిపోతుందండీ. జవాబు అయిపోయింది. ఇక్కణ్ణుంచి నా గోడు.

ఈ ప్రశ్న ఎక్కడ కనబడినా ఎవరో ఒకరు దిగి పెద్ద డేటాకి వాడే సెర్చ్ సర్వరు ఎలాస్టిక్‌సెర్చ్ పెట్టుకోమంటారు. నాలుగు వేల వరసల కోసం ఒక సర్వరు, దానికో ఇండెక్సు, ఆ ఇండెక్సుకీ డేటాబేసుకీ తేడా రాకుండా కాపలా కాసే ఇంకో జాబు! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. నాలుగు వేల వరసలు బ్రౌజర్ మెమరీలో ఓ మూల పడుంటాయి, అడిగినప్పుడు మొత్తం తిరగేసినా టైప్ చేసేవాడికి తెలియదు. లైబ్రరీ పెట్టడం మధ్యాహ్నం పని. దాని నోరు కట్టడానికి నాకు నెల పట్టింది.

కొన్నేళ్ళ కిందట మిషన్ల స్పేర్ పార్ట్స్ స్టోర్ కోసం ఒక యాప్ రాశాను. ఫ్యూజ్.జెఎస్ అనే ఫజ్జీ సెర్చ్ లైబ్రరీ ఎంచుకున్నా. వేరే దేని మీదా ఆధారపడదు, పది లైన్లలో పని చేస్తుంది. డెమోలో 'బేరింగ్'కి బదులు కావాలనే 'బేరిగ్' అని కొట్టి చూపించాను. వచ్చేసింది. మీటింగులో అందరూ తలలూపారు. నేనూ కాలర్ ఎగరేశాను, దాచుకోవడం ఎందుకు.

వారం తిరక్కుండా స్టోర్ నుంచి ఫోను. వెళ్ళి చూస్తే అక్కడి పెద్దాయన కుర్చీ నా వైపు తిప్పి, "ఇలా కూర్చో బాబూ, నువ్వే చూడు" అన్నారు. ఆయన చూపుడువేలొక్కదానితోనే కొడతారు. ఆరు, రెండు, సున్నా, మూడు. ఒక్కో అంకెకీ తెర మీద జాబితా మారుతూ వచ్చింది. చివరికి పైన నిలిచింది '6204 బేరింగ్'. ఆయన అడిగిన 6203 దాని కింద ఉంది.

"నేనడిగింది మూడు. నీ మిషను నాలుగు ఇస్తోందేంటి?"

6203 లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, 6204ది 20. పేరులో ఒక్క అంకె తేడా, షాఫ్ట్ మీద మూడు మిల్లీమీటర్లు. అప్పటికే ఒకరు పైనున్నది నొక్కి, పెట్టె పట్టుకెళ్ళి, బిగించబోయి, తిట్టుకుంటూ వెనక్కి తెచ్చారట.

ఆ రాత్రి డాక్యుమెంటేషన్ మొదటిసారి పూర్తిగా చదివాను. తప్పు లైబ్రరీది కాదు, నాదే, అన్నీ రాసే ఉన్నాయి. ఏ మార్పూ చేయకపోతే త్రెషోల్డ్ 0.6, లొకేషన్ 0, డిస్టెన్స్ 100. అంటే మాట మొదట్లోనే ఉంటుందని అది ఆశిస్తుంది, దూరం పెరిగేకొద్దీ స్కోరు పెంచుతుంది. స్కోరు సున్నా అయితే అచ్చంగా అదే, పెరిగేకొద్దీ పనికిరానిది, త్రెషోల్డ్ దాటితే జాబితాలోకే రాదు. నాలుగు అంకెల్లో ఒకటి తప్పితే 0.25. '6204 బేరింగ్'లో ఆ నంబరు మొదట్లోనే ఉంది కాబట్టి దానికి 0.25తో సరి. అసలైన 6203 ఏమో 'డీప్ గ్రూవ్ బాల్ బేరింగ్' అంటూ సాగిన వివరణలో ముప్ఫయ్యో అక్షరం దగ్గర ఉంది. అక్షరం పొల్లుపోకుండా సరిపోయినా దూరానికి 30 బై 100, అంటే 0.30. తప్పుడుది గెలిచింది. (ఫీల్డ్ పొడవుకి ఇంకో లెక్క ఉంది, అది కూడా పొడవాటి వివరణకే దెబ్బ.) ఇక నంబరు అరవై అక్షరాలు దాటి ఉంటే అసలు జాబితాలోకే రాదు. అలా స్టాకులో ఉన్నవాటినే లేవనుకుని మళ్ళీ తెప్పించిన సందర్భాలు తర్వాత బయటపడ్డాయి.

ఇగ్నోర్ లొకేషన్ (మాట ఎక్కడున్నా దూరం లెక్కించొద్దు అనే సెట్టింగు) ఆన్ చేసి, త్రెషోల్డ్ 0.3కి దించాను. ఫలితాల క్రమం సరైంది గానీ 6204 ఇంకా కిందే వేలాడుతోంది, 0.25 కదా. 0.2కి దించితే చిన్న మాటల్లో ఒక్క అక్షరం తప్పినా దొరకవు. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. చివరికి లైబ్రరీ వదిలేసి డేటా వైపు చూస్తే అర్థమైంది. 'బేరిగ్' పక్కన వేరే వస్తువేదీ లేదు, అది తప్పే అయ్యుండాలి. 6203 పక్కనున్న ప్రతి నంబరూ ఇంకో వస్తువు. అందుకని కొట్టినదాన్ని ఖాళీల దగ్గర విరిచి, అంకె ఉన్న ముక్కకి ఫజ్జీ బంద్ చేశాను. అది ఐటమ్ వివరాల్లో ఎక్కడో ఒకచోట అచ్చంగా ఉండాలి, మిగతా ముక్కలు ఎంత వంకరగా ఉన్నా సరే. ముక్కలు విరవడం వల్ల 'బేరింగ్ 6203' అన్నా '6203 బేరింగ్' అన్నా ఒకటే అయింది, అది కలిసొచ్చిన లాభం.

ఫిల్టర్ల సంగతి. దయచేసి ముందు ఫిల్టర్, తర్వాత సెర్చ్. నేను తిరగేసి రాశాను: మొదటి పది ఫలితాలు తెచ్చి, వాటిని విభాగం ప్రకారం వడకట్టా. ఆ పదీ వేరే విభాగానివైతే తెర ఖాళీ. పదకొండోది సరైనదని ఎవరికి తెలుస్తుంది? డ్రాప్‌డౌన్‌లో మనిషి ఎంచుకున్నది శాసనం, అక్కడ దాదాపు, సుమారు అనే మాటలు ఉండకూడదు. ఎర్రవి మాత్రమే అని టిక్కు పెడితే నీలివి కూడా నచ్చవచ్చని చూపించే సైట్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

తెలుగు డేటా ఉంటే ఇంకో తలనొప్పి. మనకి 'స్త్రీ' ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. ఎవరైనా రావత్తు మర్చిపోయి 'స్తీ' అని కొడితే మన కంటికి ఒక్క తప్పు, దాని లెక్కలో రెండు. 'సాఫ్ట్‌వేర్' మధ్యలో కొందరి కీబోర్డు కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) పెడుతుంది, కొందరిది పెట్టదు. ఫజ్జీ దాన్ని ఒక తప్పుగా లెక్కేసి మౌనంగా మింగేస్తుంది, అసలు తప్పులకి చోటు తగ్గిపోతుంది. ఇండెక్సులోకి పంపేముందే అలాంటివి తీసేయండి, కొట్టిన మాటలోంచి కూడా.

1964లో డామెరౌ అనే ఆయన స్పెల్లింగ్ తప్పులు పరిశీలించి, 80 శాతం పైగా నాలుగు రకాలేనన్నారు: ఒక అక్షరం మారడం, పోవడం, అదనంగా చేరడం, పక్కపక్క రెండూ తారుమారవడం. మరుసటి ఏడు లెవెన్‌ష్టీన్ ఇచ్చిన దూరంలో (ఒక మాటని ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాల మార్పులు కావాలో చెప్పే లెక్క) ఆ నాలుగోదానికి చోటు లేదు, తారుమారుని రెండు తప్పులుగా లెక్కేస్తుంది. వేగంగా కొట్టేవాళ్ళకి అదీ వచ్చే తప్పే. ఇంటర్వ్యూల్లో లెవెన్‌ష్టీన్ బోర్డు మీద రాయమనేవాళ్ళు ఈ ఒక్క ముక్క ఎందుకు అడగరో.

ఇప్పుడు పెద్దాయన 6203 కొడితే ఒక్క వరసే వస్తుంది. ఆయన కళ్ళజోడు పైకి జరిపి, పెట్టె మీద అచ్చేసిన నంబరు వేలితో తడుముకుంటూ చదివాకే ఇస్తారు. "ఇప్పుడు సరిగ్గానే వస్తోందిగా సార్" అన్నాను ఒకసారి. "వస్తోంది బాబూ" అన్నారు, చదవడం ఆపకుండా.