హైవే ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

మీ ఊరి పొలాల మీదుగా నాలుగు వరసల జాతీయ రహదారి పడుతోందని, రాళ్లు పాతేశారని, ఇప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన వచ్చిందని రాశారు. అంతా అయిపోయాక వెళ్లి ఏం లాభం అని మీ అనుమానం.

వెళ్లండి. రోడ్డు ఆగిపోతుందనో పక్క ఊరికి జరుగుతుందనో ఆశ మాత్రం పెట్టుకోకండి. అక్కడ ఓటింగేమీ ఉండదు, ఎంతమంది వద్దన్నారని చేతులు లెక్కపెట్టరు. తూము, అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు లాంటివి మాత్రం అడిగి తెచ్చుకోవచ్చు. మేం ఒకటి అలాగే తెచ్చుకున్నాం, ఇంకోటి మా చేతులారా పోగొట్టుకున్నాం.

మా దగ్గర హైస్కూలు ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. మైకు అందుకున్న వాళ్లలో ముప్పాతిక మంది ఎకరాకు ఎంతిస్తారనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే, కాకపోతే ఆ సభ దానికి పెట్టింది కాదు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కోసం కాలుష్య నియంత్రణ మండలి నిర్వహించే సభ అది. (అన్ని రోడ్లకూ ఉండదు.) కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, కలెక్టరో ఆయన తరఫున వచ్చిన పెద్ద అధికారో అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తీయాలి. అక్కడ మన మాటకు బలం ఉండేది నీళ్లు, చెట్లు, దుమ్ము, దారి గురించి మాట్లాడినప్పుడే.

మా నాన్నకు మైకంటే భయం. అయినా లేచి, "మా చెరువు అలుగు పారితే నీళ్లన్నీ మా పడమటి పల్లంలోంచే వాగుకు పోతాయండీ. మీ పటంలో అక్కడ ఒక్క పైపు గీశారు. ఆ పైపులో మా దూడ కూడా పట్టదు" అన్నాడు. జనం నవ్వారు. కన్సల్టెన్సీ తరఫున వచ్చిన ఇంజినీరు నవ్వలేదు. దగ్గరకొచ్చి సర్వే నంబరు అడిగి రాసుకున్నాడు. అంతకు ముందటి వానల్లో మోటారు షెడ్డు గోడ మీద నడుమెత్తున పడ్డ బురద చారను నేను ఫోన్లో తీసి ఉంచాను. దాన్ని ప్రింటు వేయించి, అర్జీకి పిన్ను కొట్టి ఇచ్చాం.

అంతకన్నా ముఖ్యమైన ముచ్చట చివర్లో జరిగింది. భోజనం ప్యాకెట్లు పంచగానే సగం కుర్చీలు ఖాళీ. ఆ రోజు మాట్లాడిన వాటి మినిట్స్‌ని సభ చివర్లో మనకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలని రూలు. చదివారు కూడా, వినడానికే మనుషులు లేరు. నాన్న చెప్పిందంతా "నీటి పారుదలపై సందేహాలు" అనే మూడు ముక్కలైపోయింది. మేం లేచి సర్వే నంబరు వేయమని, అలుగు, పైపు అనే మాటలు చేర్చమని పట్టుబట్టాం. చేర్చారు. ఇప్పుడు అక్కడ పైపు లేదు, బాక్స్ కల్వర్టు (పెట్టెలా ఉండే పెద్ద కాంక్రీటు తూము) ఉంది. ఎండాకాలం దాంట్లోంచి ట్రాక్టరు కూడా దాటిస్తాం.

ఇక పోగొట్టుకున్నది. జాతీయ రహదారుల చట్టం, 1956లో భూసేకరణకు ముందు సెక్షన్ 3ఎ నోటిఫికేషన్, అంటే ఫలానా భూమి తీసుకోబోతున్నామనే ప్రకటన వస్తుంది. దాని సారాంశం రెండు పేపర్లలో వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి 21 రోజుల్లోపు సెక్షన్ 3సి కింద రాతపూర్వకంగా అభ్యంతరం పెడితే మిమ్మల్ని పిలిచి వినాల్సిందే. మా పొలాన్ని రోడ్డు ఏటవాలుగా కోసేసి అవతల పన్నెండు సెంట్ల ముక్క మిగిల్చింది. దాన్ని కూడా తీసుకోమని అడుగుదామనుకున్నాం. మేం పేపర్లో వచ్చిన తేదీ నుంచి లెక్కేశాం. ఆఫీసులో గెజిట్ (ప్రభుత్వ రాజపత్రం) తేదీ నుంచి లెక్కేసి గడువు దాటిందన్నారు. ఆ ముక్క ఇప్పుడు కంపచెట్ల పాలైంది. మీరు రెండు తేదీల్లో ఏది ముందుంటే దాన్నే పట్టుకోండి.

జాతీయ రహదారి కాకుండా రాష్ట్ర రహదారి అయితే లెక్క వేరు. 2013 భూసేకరణ చట్టం కింద సెక్షన్ 11 నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకు 60 రోజులుంటాయి. సామాజిక ప్రభావ అంచనా, దాని మీద గ్రామంలో విచారణ కూడా ఆ చట్టంలో ఉన్నాయి గానీ, వాటి నుంచి కొన్ని ప్రాజెక్టులను మినహాయించుకునేలా రెండు తెలుగు రాష్ట్రాలూ సవరణలు చేసుకున్నాయి. అందుకే మీ ప్రాజెక్టు ఏ చట్టం కింద వస్తోందో ముందు ఆర్డీవో ఆఫీసులో అడగండి.

సభకు ముందే కలెక్టరేట్‌కి వెళ్లి ఈఐఏ నివేదిక తెలుగు సారాంశం చూపించమనండి. అక్కడ అందుబాటులో పెట్టాలి. మీ చెరువు, మీ డొంకదారి అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఊరంతా కలిసి పది కోరికలతో ఒకే అర్జీ పెట్టకండి, పదీ కలిపి ఒక్క లైనులో తేల్చేస్తారు. ఒక్కో సమస్యకు ఒక్కో కాగితం, దాని మీద సర్వే నంబరు, చేత్తో గీసినదైనా సరే ఒక పటం. మీ కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి. సభకు రాలేని వాళ్లు రాసి పంపినా తీసుకుంటారు.

రేటు సంగతి తర్వాత, జాతీయ రహదారుల చట్టంలో పరిహారం తేల్చే సెక్షన్ 3జి దశలో వస్తుంది. అక్కడ నచ్చకపోతే ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి దగ్గరకు) వెళ్లొచ్చు. నాన్న రాసిన అర్జీ ఫోటో నా దగ్గర ఉంది, కావాలంటే పేర్లు కొట్టేసి ఇక్కడే పెడతాను.