ఎలుక గెలిచింది, జెర్రీ గెలిచాడు

సందేహం: మా మనవరాలికి ఏడేళ్లు. ట్యాబ్‌లో కార్టూన్ బొమ్మల టిక్-టాక్-టో ఆడుతుంది. మా చిన్నప్పుడు పలక మీద గీసుకున్న సున్నా-ఇంటూ ఆటే, కాకపోతే ఇంటూకి బదులు టామ్ బొమ్మ, సున్నాకి బదులు జెర్రీ బొమ్మ. మూడు గళ్లూ కలిశాక "అమ్మమ్మా, జెర్రీ గెలిచాడు!" అని అరుస్తుంది. జెర్రీ ఎలుక కదా, "గెలిచింది" అనాలని దిద్దుతుంటాను. "ఎలుక అయితే గెలిచింది, జెర్రీ అయితే గెలిచాడు" అని వాదిస్తుంది. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మీ మనవరాలిదే ఒప్పమ్మా. ఏడేళ్ల పిల్ల అంత స్పష్టంగా చెప్పినందుకు నాకు చాలా సంతోషం కలిగింది.

మీరు దిద్దింది వ్యాకరణం చదివిన అలవాటుతో. మగవారిని చెప్పే మాటలు మహత్తులు, జంతువులూ వస్తువులూ అమహత్తులు అని చదువుకున్నాం. ఆ లెక్కన ఎలుకకు "గెలిచింది" తప్ప ఇంకొకటి రాదు. కానీ బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరే, నీతిచంద్రికలో వల కొరికి పావురాల్ని విడిపించిన ఎలుకను ఏమన్నారు? హిరణ్యకుడు. ఆ పావురాల రాజు చిత్రగ్రీవుడు. ఎలుకకూ పావురానికీ మగవారి పేర్లకు వచ్చే "డు" చేరింది. పేరుండి, మాట్లాడి, స్నేహం చేసే జీవిని మనిషిగా చూడటం తెలుగుకు కొత్త కాదు. హనుమంతుడు లంకకు వెళ్లాడనే అంటాం, వెళ్లిందని ఎవరూ అనరు. హైదరాబాద్‌లో తయారైన ఛోటా భీమ్‌లో జగ్గు కోతే అయినా, పిల్లలు "జగ్గు వచ్చాడు" అంటారు.

గ్రాంథికంలో క్రియ దగ్గర ఈ చిక్కు రాదు. "గెలిచెను" అంటే రాముడికీ సీతకూ ఎలుకకూ ఒక్కటే రూపం. ఇప్పటి వాడుకలో మాత్రం గెలిచాడో గెలిచిందో తేల్చుకోకపోతే వాక్యం ముగియదు. మీ ఇంట్లో వాదన వచ్చింది అక్కడే. ఇక "ఎలుక గెలిచాడు" అంటే మాత్రం దిద్దండి. ఎలుక జాతి పేరు, జెర్రీ ఒక పాత్ర పేరు. కంప్యూటర్‌తో ఆడి ఓడిపోతే "కంప్యూటర్ గెలిచింది" అనే అనాలి, అందులో సందేహం లేదు.

ఈసారి ఆమె ఆడుతున్నప్పుడు ఇంకో మాట కూడా గమనించండి. పలక మీద ఆడేటప్పుడు "మధ్య గడిలో సున్నా పెట్టాను" అంటాం. "సున్నాని పెట్టాను" అనక్కర్లేదు. అదే గడిలో బొమ్మ పెడితే పిల్ల నోట "జెర్రీని పెట్టాను" అనే వస్తుంది. ప్రాణం లేనివాటికి "ని" లేకపోయినా నడుస్తుంది, ప్రాణం ఉన్నవాటికి తీసేస్తే వాక్యం కుంటుతుంది. తెర మీద ఉన్నది రంగుల బొమ్మే అయినా, ఆ "ని" చేర్చిన పిల్లకు అది ప్రాణమున్న జెర్రీ. ఎవరూ నేర్పకుండానే ఇంత సూక్ష్మం పిల్లల నాలుక మీద ఉంటుంది. నాకు దీన్ని మించిన వ్యాకరణ పాఠం కనిపించదు.

పేరు సంగతి కూడా చెబుతాను. టిక్-టాక్-టో అనండి, సున్నా-ఇంటూ అనండి, రెండూ వాడుకలో ఉన్నవే. కొత్త పదం కల్పించాల్సిన పని లేదు. ఆట నేర్పేటప్పుడు మాత్రం అడ్డంగా మూడు, నిలువుగా మూడు, ఐమూలగా రెండు, మొత్తం 8 దారులని చెప్పండి. "ఐమూల" అనే చక్కటి మాట ఈ వంకతోనైనా పిల్ల చెవిన పడుతుంది.

ఇద్దరూ జాగ్రత్తగా ఆడితే ఈ ఆట ఎప్పుడూ డ్రానే. అప్పుడు "గెలవలేదు" అంటాం. ఈ వ్యతిరేక రూపం టామ్‌కీ పిల్లికీ ఒక్కటే, వాడా అదా అనే ప్రశ్నే రాదు. అయినా మీ మనవరాలు ఏమంటుందో వినండి. సున్నా, ఇంటూ అయితే "రెండూ గెలవలేదు" అంటుంది. టామ్, జెర్రీ అయితే "ఇద్దరూ గెలవలేదు" అంటుంది.